తొట్టిలో చక్రం

పొద్దున్నే బట్టలు నానబెడదామని స్నానాల గదిలోకి వెళ్ళిన ఇల్లాలికి తొట్టిలో సైకిల్ చక్రం కనిపించింది. పక్కనే పీట వేసుకుని, నీళ్ళకు ముక్కు ఆనేంతగా వంగి కూర్చున్నాడు ఆవిడ భర్త.

"బట్టలు ఎక్కడ నానబెట్టను, మీ నెత్తి మీదా?"

"ఒక్క నిమిషం ఆగవే. గాలి కొట్టి చూస్తున్నా చిల్లు దొరకడం లేదు."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ మీ ఒక్క నిమిషం చూస్తూనే ఉన్నాను."

ఆ ఇంట్లో సైకిళ్ళకున్న మర్యాద మనుషులకు లేదని ఆవిడ ఫిర్యాదు. అయినా సబ్బుపొడి డబ్బా పక్కన పెట్టి, ఆయన వెలుతురుకు అడ్డం రాకుండా జరిగి, తనూ కళ్ళజోడు సర్దుకుని నీళ్ళలోకి తొంగి చూసింది.

గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడి కూతురు ఇదంతా చూస్తోంది. ముప్పై దాటినా ఇంట్లో ఆమెను ఇంకా పిట్ట అనే పిలుస్తారు. కొండల్లో, అడవి బాటల్లో సైకిల్ రేసులు ఆడటం పిట్ట ఉద్యోగం. ఆ సైకిల్‌ని సిద్ధం చేయడం తండ్రి ఉద్యోగం. ఇద్దరికీ జీతమిచ్చేది ఒకే టీమ్. నిన్నటి రేసులో టైరులో గాలి పోయిందని పిట్ట మధ్యలోనే ఆపేసి, సైకిల్ నడిపించుకుంటూ వచ్చేసింది.

గాలి పోయిన మాట నిజమే. ఎలా పోయిందన్నదే ఎవరికీ చెప్పలేదు. నిన్న తనకంటే పదేళ్ళు చిన్నవాళ్ళు ఒక్కొక్కరే దాటిపోయారు. అందరికంటే ముందున్న అమ్మాయి ఒక చుట్టు ఎక్కువ తిరిగి, వెనక నుంచి తనను అందుకోబోతోంది. అలా అందుకుంటే నిర్వాహకులు ఈల వేసి, జనం చూస్తుండగా రేసులోంచి తప్పించేస్తారు. ఆ చిన్నతనం పడలేక, చెట్ల మధ్య ఎవరూ లేనిచోట దిగి, వాల్వ్ నొక్కి గాలంతా తనే వదిలేసింది.

అక్కడితో అయిపోతుందనుకుంది పిచ్చిపిల్ల. తండ్రి సంగతి తెలిసి కూడా ఎలా అనుకుందో మరి. కుర్ర మెకానిక్‌లందరూ వింటుండగా ఆయన, "టైరు ఎక్కించడంలో నాదే పొరపాటు" అని మేనేజర్ ముందు తల దించుకున్నాడు. పిట్ట పక్కనే నిలబడి, నీళ్ళ సీసా మూత తిప్పుతూ ఊరుకుంది.

"నీకేమైనా కనిపిస్తోందా?" తండ్రి ఇల్లాలిని అడిగాడు.

"ఒక్క బుడగ కూడా లేదండీ."

"ఇద్దరికీ కలిపి నాలుగు కళ్ళు, దేనికీ పనికిరావు. పిట్టా, ఇలా రామ్మా. బుడగలు ఎక్కడొస్తున్నాయో చూసి చెప్పు."

పిట్ట వచ్చి తొట్టి పక్కన కూర్చుంది. తండ్రి నెమ్మదిగా చక్రం తిప్పుతున్నాడు. నీళ్ళలో ఏ అలికిడీ లేదు.

"లేవు నాన్నా. చిల్లు లేదేమో."

"లేకపోతే గాలెలా పోయింది? నువ్వే కదా చెప్పావు."

ఆ గొంతులో అనుమానం మచ్చుకైనా లేదు. తన కళ్ళనైనా కాదంటాడు గానీ కూతురి మాటను కాదనడు ఆ మనిషి. చేతులు తుడుచుకుని, "సరేలే, అర్థమైంది. చూపు తగ్గింది, వేళ్ళలో పట్టూ తగ్గింది. వచ్చే రేసుకి వేరే మెకానిక్‌ని చూసుకోమని మేనేజర్‌కి చెప్పేశాను. నా వల్ల నీ ఏడాది పాడవకూడదు" అన్నాడు.

"నాతో మాటమాత్రం చెప్పకుండానే?" తల్లి నిర్ఘాంతపోయింది. "ఆ పని మానేసి పొద్దున్నే ఏం చేస్తారు?"

"నీ బట్టలు నానబెడతాను." నవ్వించబోయాడు.

"గాలి నేనే తీశాను," అంది పిట్ట.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఎవరూ లేనిచోట దిగి, వాల్వ్ నొక్కి నేనే తీసేశాను నాన్నా. రేసులోంచి తప్పిస్తారని సిగ్గుపడ్డాను. ఆ తర్వాత నువ్వు అందరి ముందూ తల దించుకుంటే చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు దానికి సిగ్గుతో చచ్చిపోతున్నాను."

"ఛీ," అంది తల్లి.

పిట్ట చెంపదెబ్బ కోసం ఎదురు చూసింది. తండ్రి చేయెత్తలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే నా చేతులు బాగానే ఉన్నాయన్నమాట," అన్నాడు.

కొట్టినా ఓర్చుకునేదే. ఆయన మొహంలో కనిపించిన ఆ ఊరటను ఓర్చుకోలేకపోయింది. మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, అక్కడే కూర్చుని మేనేజర్‌కి ఫోన్ చేసింది.

"నిన్న టైరులో ఏ లోపమూ లేదు సార్. గాలి నేనే తీశాను. నాన్నని మార్చకండి. మార్చాల్సి వస్తే నన్ను మార్చండి."

మేనేజర్, "రేపు ఇద్దరూ ఆఫీసుకి రండి" అని పెట్టేశాడు.

తండ్రి నీళ్ళలోకే చూస్తున్నాడు. "నీ మీద కోపం లేదనను. చాలా ఉంది. ఒక్కటి చెప్పు. నువ్వు అలాగే తొక్కి ఉంటే నిన్ను ఎక్కడ తప్పించేవాళ్ళు?"

"నువ్వు నిలబడతావే, ఆ మలుపు దగ్గర."

"మరి నేను అక్కడే ఉన్నానుగా. తప్పిస్తే నా దగ్గరికేగా వచ్చేదానివి."

పిట్ట ఆయన తడి చేతిని తీసుకుని మొహానికి ఆనించుకుంది. తల్లి కాసేపు చూసి, లోపలికి వెళ్ళి, చక్రం తుడవడానికి ఇంట్లో ఉన్న మంచి తువ్వాలు తెచ్చిచ్చింది.