చెంగల్వ తోలిన మంటలబండి

నల్లకొండల నడుమ చల్లగా బతుకుతున్న కుంకుమపురి రాజ్యానికి ఒక వేసవిలో పెద్ద ఆపద వచ్చిపడింది. ధూమకేశుడనే రాక్షసుడు యువరాజు జయచంద్రుణ్ణి ఎత్తుకుపోయి, కొండమీది లోతైన గుంటలో శిలగా మార్చి, చుట్టూ మంటల వలయం పెట్టాడు. అంతటితో ఊరుకోక, రోజూ నిప్పులు కురిపించి ఊళ్లు తగలబెట్టసాగాడు. రాజు పంపిన కొత్త రథాలన్నీ ఆ వలయం దగ్గరే కరిగి ముద్దలయ్యాయి.

ఆ నగరంలో తరతరాలుగా మంటలార్పే కుటుంబంలో పుట్టిన పిల్ల చెంగల్వ. తల్లీతండ్రీ లేరు. ముత్తాత నాటి మంటలబండి ఒక్కటే ఆమెకు మిగిలిన ఆస్తి. దానికి సొట్టలు పడ్డ ఇత్తడి నీళ్లతొట్టి, చేతితో కొట్టే పంపు, తోలుగొట్టం ఉన్నాయి. ఎర్రరంగు పొలుసులుగా రాలిపోయింది. చక్రాలు మాడి నల్లబడ్డాయి. అయినా దాని చీల ఒక్కటి కూడా ఎవరూ మార్చలేదు.

చెంగల్వ సభకు వెళ్లి, "మహారాజా, యువరాజును నేను తీసుకొస్తాను. సెలవియ్యండి" అంది.

మంత్రి సునందుడు పెదవి విరిచాడు. "ఆ తుక్కుబండితోనా? రాజ్యం పరువేం కావాలి? రంగు వేయించి, బంగారురేకు తాపడం చేయించి పంపుతాం."

"వద్దండి. ఆ బండి మాడిన చోటల్లా మావాళ్లు ఎవరిదో ఒక కొంప నిలబెట్టారు. దానిమీద రంగు పుయ్యనివ్వను."

"రాజాజ్ఞ అయితే ఏం చేస్తావు?"

"బండి దిగను. నన్నూ కలిపి పుయ్యండి."

కొడుకు బెంగతో చిక్కిపోయిన రాజు, "వెళ్లనివ్వండి" అన్నాడు.

చెంగల్వ తొట్టి నింపి, ఎడ్లను కట్టి అడవిదారి పట్టింది. ఒక తామరకొలను దగ్గర యక్షిణి ఎదురై తీయగా పలకరించింది. "ఎంత పాతబడిందమ్మా నీ బండి! ఒక్కసారి తాకానంటే తళతళలాడే కొత్తబండి అవుతుంది."

"నీ చెయ్యి తీసి పక్కన పెట్టుకో తల్లీ. మా బండి మాకిలాగే ముద్దు" అని చెంగల్వ ఎడ్లను అదిలించింది. యక్షిణి పళ్లు కొరుకుతూ మాయమైంది.

ఇంకొంత దూరంలో ఒక ముసలి ఆడసింహం దారికి అడ్డంగా పడి రొప్పుతోంది. "నీళ్లు పొయ్యి బిడ్డా. రాక్షసుడి సెగకు వాగులన్నీ ఎండిపోయాయి" అంది. ఎడ్లు వణికిపోయాయి. అయినా చెంగల్వ దిగి, సగం తొట్టి నీళ్లు దానికి తాగించింది.

సింహం తేరుకుంది. "ఆ యక్షిణి ధూమకేశుడి చెల్లెలు. మంటతో పోరాడి నిలిచినదాన్ని వాడి మంట కాల్చలేదు. అందుకే నీ బండిని కొత్తది చెయ్యబోయింది. వాడి ప్రాణం తలమీద మండే జుట్టులో ఉంది."

"మరి నేను కాలిపోనా?"

"నీ చేతులు చూసుకో."

చెంగల్వ చేతులనిండా పాత కాలిన మచ్చలే.

గుంట అంచుకు చేరాక ఎడ్లు అడుగు కదపలేదు. చెంగల్వ వాటిని విప్పేసి బండెక్కింది. వెంట వచ్చిన సింహం వెనకనుంచి భుజం పెట్టి తోసింది. బండి గడగడమంటూ పల్లంలోకి దూకి మంటల్లోకి దూసుకుపోయింది. జ్వాలలు చక్రాలను నాకి వెనక్కి తగ్గాయి.

"ఈ చచ్చుబండితో నన్ను ఆర్పుతావా?" అని ధూమకేశుడు గర్జించాడు.

"బండికి వయసొచ్చింది గాని భయం రాలేదురా" అంటూ చెంగల్వ గొట్టాన్ని చంకలో బిగించి, రెండు చేతులా పంపు కొట్టింది. నీటిధార వాడి నడినెత్తిన పడింది. రాక్షసుడు బుస్సుమని పొగలు కక్కి బూడిదకుప్ప అయిపోయాడు.

శిల కదిలి జయచంద్రుడు కళ్లు తెరిచాడు. చుట్టూ ఇంకా మండుతున్న పొదలు చూసి, వెంటనే వచ్చి పంపు పట్టుకున్నాడు. అతని పద్ధతి చెంగల్వకు నచ్చింది.

కొన్నాళ్లకు వాళ్లిద్దరికీ పెళ్లయింది. పట్టాభిషేకం నాడు పురోహితుడు కిరీటం ఎత్తేసరికి, కుమ్మరివాడలో మంటలు లేచాయని కేక వినిపించింది.

"ముహూర్తం దాటిపోతుంది తల్లీ" అన్నాడు పురోహితుడు.

"దాటనివ్వండి" అని చెంగల్వ చీర కుచ్చెళ్లు దోపుకుని పరుగెత్తింది. ఆమె వెనక యువరాజు, అతని వెనక సభ మొత్తం పరుగెత్తింది. సాయంత్రం మసిపట్టిన ముఖాలతోనే ఇద్దరూ సింహాసనం ఎక్కారు. వాళ్ల ఏలుబడిలో ఎవరి గడప కాలినా, అందరికంటే ముందు చేరేది రాణీగారే.