ఎనభై ఏడో వరుస

"రెండు వందల పద్నాలుగు వరుసలున్నాయి. అందులో ఒక్కటే విషం. నంబరు కనుక్కోని రా అప్పా," అన్నాడు చీఫ్ సుదర్శనం, తిరుపతి లాడ్జి గదిలో.

ఏజెంట్ పరాశర్ పట్టిక చూశాడు. ఒక సోషల్ యాప్‌లో జరిగిన పని ఇంకో యాప్‌కి అర్థమయ్యేలా కంపెనీలన్నీ కలిసి రాసుకున్న ఉమ్మడి పదకోశం అది. ఇక్కడి 'ఫాలో' అక్కడి 'చందా'తో సమానం, అలాగన్నమాట. సాయంత్రం ఐదులోపు ఎవరూ అభ్యంతరం పెట్టకపోతే కొత్త వరుసలన్నీ పాసైనట్టే. అందులో విదేశీ ముఠా ఒక వరుస దూర్చింది. అది పాసైతే మారువేషాల్లో ఉన్న పదకొండుమంది ఏజెంట్ల ఆచూకీ బయటపడుతుంది.

"అన్నిటికీ అడ్డం చెప్తే సరి!"

"మనమూ ఆ సంఘంలో సభ్యులమే, కానీ సభ్యునికి ఒక్క అభ్యంతరమే. ముఠాలో మన మనిషి వకుళ ఉండాది. ఫోన్లుండని చోటే చెప్తానంటాది. కొండ మీద క్యూలో, కొత్త జంట వేషం. నేను గుండు కొట్టించుకుంటా బయట ఉంటా."

మధ్యాహ్నానికి పరాశర్ పసుపు అంచు పంచెలో, నుదుట బాసికం మచ్చతో కంపార్ట్‌మెంటులో కూర్చున్నాడు. ఫోనూ, ట్రాన్స్‌మిటర్ ఉంగరమూ కౌంటర్లో సంచిపాలయ్యాయి. పక్కన చిలకపచ్చ పట్టుచీరలో వకుళ. ఆమె గాజుల గలగలకీ, వేడి ఉప్మాలో దొరికిన జీడిపప్పుకీ అతను ఉద్యోగం సగం మరిచిపోయాడు.

నాలుగున్నరకి వకుళ కళ్లు తిరుగుతున్నాయంది. కాపలావాడు జాలిపడి ఆమె ఒక్కదాన్నే బయటికి వదిలాడు. గేటుకు మళ్లీ తాళం పడింది.

ఊచల అవతల నిలబడి ఆమె నవ్వింది. "ఎనభై ఏడు. ప్రైవేట్ ఆహ్వానాన్ని పబ్లిక్ హాజరుగా మార్చే వరుస. మీవాళ్ల రహస్య భేటీలన్నీ లోకానికి కనిపిస్తాయి. ఎవరికి చెప్తావో చెప్పుకో, మొగుడా!"

పరాశర్ ఊచలు పట్టుకుని అరిచాడు. రెండు వందలమంది భక్తులు అతనికన్నా గట్టిగా "గోవిందా!" అన్నారు.

పాలు పంచుతున్న సేవకురాలు తిరుమలమ్మ దగ్గరికొచ్చింది. "ఏం నాయనా, అట్లా సెమటలు పట్టినాయి?"

"నా భార్య తప్పిపోయింది, చిలకపచ్చ పట్టుచీర. మైకులో చెప్పించమ్మా. మా నాయన సుదర్శనం వినాల. గది నంబరు ఎనభై ఏడు అని చెప్తే చాలు."

"పెండ్లయి ఎన్నాళ్లయింది?"

"పొద్దునే!"

"అయ్యో రాత!" అని ఆమె పరుగెత్తింది.

నాలుగూ యాభై ఎనిమిదికి మైకు గరగరమంది. తెలుగు ప్రకటన మొత్తం గోవిందనామాల్లో కలిసిపోయింది. తమిళం మొదలైంది. తర్వాత కన్నడం. హిందీ సగంలో ఉండగానే గోడ గడియారం ఐదు కొట్టింది. పరాశర్ కూలబడ్డాడు. పదకొండు ముఖాలు వరుసగా కళ్లముందు తిరిగాయి.

పది నిమిషాలకు ఊచల దగ్గర ఒక తల కనిపించింది. సగం గుండు, సగం జుట్టు.

"తమిళంలో విన్నానప్పా! నాలుగూ యాభై తొమ్మిదికి అభ్యంతరం నొక్కేసినా. మంగలాయన ఇంకా తిడతానే ఉండాడు."

అతని వెనకే పదిమంది ఆడవాళ్లు చిలకపచ్చ పట్టుచీరను రెక్కలు పట్టుకుని తోసుకొచ్చారు. ఐదు భాషల్లో పిలుపు విన్న భక్తజనం, బస్టాండులో దొరికిన పెళ్లికూతుర్ని మొగుడికి అప్పగించడానికి తెచ్చారు.

"అలిగి పోతారా పాపా?" అంటూ తిరుమలమ్మ గేటు తీయించి ఆమెను లోపలికి నెట్టింది.

తాళం పడింది. వకుళ ఊచలు కుదిపింది. "ఎప్పుడు తీస్తారు?"

"రద్దీ ఎక్కువుండాది. రేపు తెల్లారాల," అంది తిరుమలమ్మ.

పరాశర్ జరిగి చోటిచ్చాడు. రెండు వందలమంది కాపలా, వేళకి ఉప్మా: ఇంత మంచి లాకప్ డిపార్ట్‌మెంటుకు ఎన్నడూ దొరకలేదు.