ఐసు ఫ్యాక్టరీ దగ్గర రేడియోలో ఆడగొంతు

గుండుగొలను దాటి కొల్లేరు వైపు దిగే గట్టు రోడ్డు మీద మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ ఒకటుంది. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ పక్కకి ఎవరూ పోరు. పోవాల్సొస్తే బండి అద్దాలు ఎత్తేసి, హారన్ మీద చెయ్యి పెట్టి, ఆ గోడ దాటేదాకా తియ్యరు. హారన్ మోగుతుంటే దెయ్యం బండెక్కదని మా వైపు నమ్మకం. ఎవడు మొదలెట్టాడో తెలీదు. చదువుకున్నవాళ్ళూ నొక్కుతారు.

ఆ దెయ్యం ఎవరంటే మాత్రం ఇద్దరు ఒక్క మాట చెప్పరు. గ్యాసు లీకై పోయిన కూలామె అని ఒకడు. కాదు, పెళ్ళి కుదిరాక పోయిన పిల్ల అని ఇంకొకడు. అక్కడ ఎవరూ పోలేదు, మిషను పాడైతే మూసేశారు అని నేను. నా మాట ఎవరిక్కావాలి?

సెంటర్లో నాకు కిరాణా కొట్టుంది. చెరువులకి పోయే వ్యాన్లన్నీ నా కొట్టు ముందే ఆగుతాయి. ఖలీద్ నోటి నుంచి విన్నది విన్నట్టు చెప్తాను, నేను చూసింది చూసినట్టు చెప్తాను. కలిపి చెప్పే అలవాటు నాకు లేదు. అది మా మరిది చలపతిరావుకి ఉంది.

ఆయన సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. మా ఇంట్లో తిని పెరిగిన మనిషి. కూతురి పెళ్ళికి నన్ను బొట్టు పెట్టి పిలవలేదు. ఫోన్లోకి కార్డు పంపాడు! పెళ్ళయ్యాక మిగిలిన లడ్డూలు సంచిలో వేసుకుని కొట్టుకొచ్చాడు. వచ్చినవాడికి చెప్పాల్సింది చెప్పి పంపాను. అప్పట్నుంచి మాటల్లేవు.

ఇక ఖలీద్. ఐసు వ్యాను తోలతాడు. ఏలూరులో ఐసు ఎత్తుకుని, రాత్రి పట్టుబడి, అదే చేపలు పట్టడం, మొదలయ్యేలోపు కొల్లేరు లోపల దేవదానంగారి చేపల చెరువులకి చేర్చాలి. ఐసు అందకపోతే పట్టిన చేప పట్టినట్టే పాడు.

ఆ రోజు దారిలో టైరు దిగిపోయి ఆలస్యమైంది. మంచు కమ్ముతోంది. తోడుకి రేడియో పెట్టుకుని వస్తున్నాడు. వాడి రేడియోలో పాట కంటే గరగర ఎక్కువ.

ఐసు ఫ్యాక్టరీ గోడ కనపడింది...

పాట ఆగిపోయింది.

గరగర కూడా ఆగిపోయింది.

అప్పుడు రేడియోలోంచి — మెల్లిగా — ఒక ఆడగొంతు.

"మళ్ళీ... వచ్చావా..."

ఖలీద్ చెయ్యి హారన్ మీదకి పోయింది. నొక్కాడు. గొంతు ఆగలేదు.

"...ఎగిరి..." గరగర... "...కాళ్ళు... విర..." గరగర... "ఫో..."

రేడియో కట్టేద్దామని మీట తిప్పాడు. కంగారులో అటు తిప్పాల్సింది ఇటు తిప్పాడు. గొంతు ఇంకా పెద్దదైంది!

ఆ తర్వాత బండి ఎలా తోలాడో వాడికి తెలీదు.

మర్నాటి నుంచి చుట్టు రోడ్డు పట్టాడు. హైవే మీద చాలా దూరం పోయి, వెనక నుంచి తిరిగి రావాలి. సగం ఐసు దారిలోనే నీరైపోయేది. దేవదానంగారు మంచివారే, కానీ మంచితనంతో చేప నిలవుండదు కదా.

"ఖలీదూ, ఇవాళ కూడా నీళ్ళు తెచ్చావంటే రేపట్నుంచి విశ్వతేజ బండి పెట్టుకుంటానయ్యా" అనేశారు.

విశ్వతేజది కొత్త వ్యాను. ఆ లోడు మీద ఎప్పట్నుంచో కన్ను. ఖలీద్‌కేమో ఆ లోడు తప్ప వేరే ఆధారం లేదు. ఇంట్లో పెళ్ళాం ఫర్హానాకి నెలలు నిండుతున్నాయి. కడుపుతో ఉన్న పిల్ల మొగుడు అలాంటి చోట చీకటిపడ్డాక తిరక్కూడదని వాళ్ళమ్మ ఒకటే గోల.

ఆ మధ్యాహ్నం నా కొట్టుకొచ్చి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నాడు —

"అమ్మగారండీ... నేనా లోడు వదిలేస్తానండి."

"ఎందుకురా?"

"రేడియోలో ఆవిడ... నన్నే అంటోందండి."

"ఏమంటోంది?"

"సగమే వినపడిందండి."

"మిగతా సగం?"

"వినాలని లేదండి."

నాకు ఒళ్ళు మండింది. "సగం తిట్టు విని లోడు వదులుకుంటావా? మొత్తం వింటే ఊరొదిలి పోతావా ఏం? బండి ఇలా తీసుకురా. ఏరియల్ ఏది?"

చూపించాడు. పాతది తుమ్మకొమ్మ తగిలి విరిగిందట. దాని బదులు చేప రెక్కలాంటి ప్లాస్టిక్ ముక్క ఒకటి టాపు మీద అతికించాడు.

"కొత్త మోడలండి. పెద్ద కార్లకి ఉంటుందండి."

"పీకు."

పీకాడు. లోపల జిగురు, బెత్తెడు తీగ. ఆ తీగ దేనికీ ఆనలేదు. గాలిలో వేలాడుతోంది.

నాకు అక్షరాలు కూడబలుక్కోవడమే వచ్చు. రేడియో మాత్రం నా కాపురంతో పాటు వచ్చింది. మా ఆయన డాబా మీద ఏరియల్ తిప్పుతుంటే కింద నుంచి "ఇంకొంచెం... ఇంకొంచెం... ఆఁ, అక్కడే" అన్నదాన్ని నేనే. ఏరియల్ అంటే పుల్ల ఒక్కటే కాదు. పుల్ల సగం, నేల సగం. ఇంటికి భూమి ఉంటుంది. బండికి బండి రేకే భూమి. పుల్ల అడుగు రేకుని గట్టిగా పట్టుకోకపోతే అది ఒంటిచేత్తో చప్పట్లే.

ఖలీద్ చేత పొడుగు పుల్లున్న ఏరియల్ కొనిపించాను. కుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నాను.

"పాతదున్న చోట రంగు గీకు."

గీకాడు. కింద అంతా తుప్పు. ఏళ్ళ తరబడి ఐసు నీళ్ళూ, చేపల నీచునీళ్ళూ కారితే రేకు ఉంటుందా?

"ఇంకా గీకు."

"మెరుస్తోందండి."

"మెరిస్తే చాలదు. అందులో నీ మొహం కనపడాలి."

కనపడేదాకా గీకించాను. నట్టు బిగించమన్నాను. వాడు వేళ్ళతో బిగించాడు, నేను స్పానర్‌తో బిగించమన్నాను. పుల్ల మూరన్నర, నిటారుగా నిలబెట్టించాను. స్టైలుగా వెనక్కి వంచబోతే చెయ్యి మీద కొట్టాను. ఏరియల్ తీగ, హారన్ తీగ రెండూ కలిపి చుట్టేసి ఉన్నాయి, విడదీయించాను. చివరికి ఫోను ఛార్జర్ మీద పడింది నా కన్ను.

"అది పీకెయ్."

"ఛార్జింగుకండీ..."

"గరగరలో సగం దానిదే. పీకి విను."

పీకాడు. రేడియో పెట్టాడు. పాట... పాడే అమ్మాయి చరణానికి ముందు ఊపిరి తీసుకోవడం కూడా వినపడింది. ఖలీద్ మొహం వెలిగింది.

అంతలోనే ఆరిపోయింది.

"అమ్మగారండీ... పాట ఇంత బాగా వస్తే... ఆవిడ కూడా ఇంతే బాగా వస్తుందేమోనండీ..."

"అందుకేగా చేయించింది!"

"ఒక్కణ్ణీ పోలేనండి."

"నేనొస్తాను పద."

వాడు ఏలూరు పోయి ఐసు ఎత్తుకుని తిరిగొచ్చేసరికి పొద్దుగూకింది. కొట్టు కట్టేసి, శాలువా కప్పుకుని ముందు సీట్లో కూర్చున్నాను. గట్టు రోడ్డు ఎక్కేసరికి మంచు. రెండు పక్కలా చెరువులు. నీళ్ళెక్కడో, రోడ్డెక్కడో, లైటు పడినంత మేరే కనపడుతోంది.

గోడ కనపడింది. ఖలీద్ చెయ్యి హారన్ మీదకి పాకింది.

"కొట్టావంటే దిగిపోతాను" అన్నాను.

పాట ఆగిపోయింది...

"మళ్ళీ వచ్చావా! సిగ్గులేదూ? కడుపునిండా మెక్కి, మూతి తుడుచుకుని ఎగిరిపోదామనుకున్నావా? ఏ మొహం పెట్టుకుని వచ్చావ్? ఇంకోసారి ఇటొచ్చావంటే కాళ్ళు విరగ్గొడతాను! ఫో... ఫో!"

ఒక్క మాట తప్పిపోకుండా వచ్చింది. నా ఏరియల్ కదా.

కానీ నిజం చెప్పాలి — నా వెన్నులో కూడా చలి పుట్టింది. ముసలి గొంతు. కీచుగొంతు. జాలీ దయా లేని గొంతు. ఎవరో గానీ తిట్టడం తెలిసిన మనిషి. మాట మీద మాట ఇటుక పేర్చినట్టు పేర్చింది. ఈ కాలం వాళ్ళకి అలాంటి తిట్టు రాదు.

ఖలీద్ బండి ఆపేశాడు. రేడియో వైపు చూశాడు. నా వైపు చూశాడు. మళ్ళీ రేడియో వైపు...

"ఎవర్రా అది?" అన్నాను, గుసగుసగా.

"నన్నడక్కండి అమ్మగారండీ."

"తెలిసిందా?"

"తెలిసిందండి... కడుపుతో ఉన్న పెళ్ళాం ఉందండి నాకు... నన్నొదిలెయ్యండి."

"రేడియో కట్టెయ్."

కట్టేశాడు. కంగారులో ఇంజను కూడా ఆపేశాడు. నేను అద్దం దించాను.

గొంతు ఆగలేదు!

చెరువు మీద నుంచి వస్తోంది. కుడి పక్క నుంచి... ఎడమ పక్క నుంచి... ఫ్యాక్టరీ వెనక నుంచి... నాలుగు దిక్కుల నుంచీ అదే గొంతు, ఒక్కసారే —

"ఫో... ఫో!"

చీకట్లో టపటపా వందల రెక్కలు. నెత్తి మీద నుంచి ఏవో నల్లగా, పెద్దపెద్దగా లేచిపోయాయి. ఖలీద్ కళ్ళు మూసుకుని దువా చదువుకుంటున్నాడు. వెనక ఐసు కరిగి చుక్క... చుక్క... రోడ్డు మీద పడుతోంది.

ఫ్యాక్టరీ మెట్ల మీద ఒక వెలుగు.

దిగుతోంది.

మా వైపే వస్తోంది...

"ఎవరండీ అక్కడ బండి ఆపిందీ? తియ్యండి, తియ్యండి, ఇక్కడ ఎవరూ ఆగరు —" అంటూ ఎవరో టార్చి నా మొహం మీద వేశారు.

టార్చి కింద పడింది.

"వ... వదినగారండీ!"

మఫ్లర్ చుట్టుకున్న మా మరిది చలపతిరావు!

మాటల్లేవు కాబట్టి నేను ఖలీద్‌తో అన్నాను — "ఇక్కడేం చేస్తున్నారో అడుగు."

"ఇక్కడేం చేస్తున్నారండీ?" అన్నాడు ఖలీద్, కళ్ళు తెరవకుండానే.

"ఆ చెరువు నేను లీజుకి తీసుకున్నానయ్యా" అన్నాడు మరిది, నన్ను చూస్తూ. "చీకటిపడితే కొంగలు దిగిపోతున్నాయి. గూడబాతులు సరేసరి. పిల్లచేప మిగల్లేదు. టపాకాయలు కాల్చాను. రిబ్బన్లు కట్టాను. పులి అరుపు పెట్టి చూశాను, రెండు రోజులకి అలవాటు పడిపోయాయి..."

"ఐతే?" అన్నాను. పొరపాటున నేరుగానే అన్నాను.

"ఆ రోజు మీరు కొట్లో నన్ను... ఆ మాటలు... ఫోన్లో రికార్డయ్యాయండీ వదినగారూ."

"ఎలా అయ్యాయి?"

"మన చుట్టాలకి వినిపిద్దామని నేనే చేశానండి."

ఐసు చుక్కలు పడుతూనే ఉన్నాయి.

"ఒకసారి గట్టు మీద కూర్చుని బాధగా ఉండి వింటున్నానండి. చెరువులో ఒక్క కొంగ మిగల్లేదండి! అప్పుడు తట్టింది. ఫ్యాక్టరీ డాబా మీద చిన్న డబ్బా పెట్టాను, ఆ మాటల్ని ఎఫ్ఎమ్‌లోకి పంపుతుంది. చెరువు నాలుగు మూలలా నాలుగు రేడియోలు, మైకులు. తీగలు లాగే పని లేదు. రోడ్డు మీద బండ్లలోకి కూడా పోతుందని నాకేం తెలుసండీ? అందరూ హారన్లు కొట్టుకుంటూ పోయేవారు, పాత దెయ్యానికే అనుకున్నాను."

"అది నా గొంతు కాదు" అన్నాను. "నా గొంతు అంత కీచుగా ఉండదు."

ఖలీద్ దగ్గాడు. ఊరికే దగ్గాడు, వాడికి దగ్గు లేదు.

"మీ గొంతేనండి వదినగారూ. పులికి అలవాటు పడ్డాయి గానీ, మీకు మాత్రం ఇంతవరకూ అలవాటు పడలేదండి."

తిడదామని నోరు తెరిచాను. మరిది చెయ్యి గబుక్కున జేబులో ఫోను మీదకి పోయింది. నోరు మూసుకున్నాను.

"ఖలీదూ, ఐసు. పోనీ" అన్నాను.

పోనిచ్చాడు. దేవదానంగారి చెరువు దగ్గర తలుపు తీస్తే దిమ్మలు దిమ్మలుగానే ఉన్నాయి. దేవదానంగారు గొడ్డలి వెనకతో కొట్టి చూసుకుని, "ఇదయ్యా ఐసంటే" అన్నారు. ఖలీద్ నా వైపు చూసి, ఆ రాత్రి మొదటిసారి నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే కొట్టు ముందు ఆగిన వ్యాన్ల వాళ్ళందరికీ నేనే చెప్పాను. దాచడానికి నేనేం తప్పు చేశాను? అక్కడ దెయ్యం లేదు, గియ్యం లేదు, ఆ గొంతు నాది, నిక్షేపంగా పోండి అన్నాను.

ఎవరూ కదల్లేదు.

విశ్వతేజ తాళాలు వేలికి తిప్పుకుంటూ నిలబడ్డాడు. ఖలీద్ లోడు పోతే ఆ రోజు నుంచి వెళ్ళాల్సినవాడు తనే. మెల్లిగా అన్నాడు —

"దెయ్యమనుకున్నప్పుడు తాయెత్తు కట్టుకుని పోదామనుకున్నానండి అమ్మగారూ. మీరని తెలిశాక ఇక ధైర్యం లేదండి. ఆ లోడు ఖలీద్ అన్ననే ఉంచుకోమనండి."

కొట్టు ముందు అందరూ తలలు దించుకుని నవ్వారు.

ఎవరెవరు నవ్వారో చూసుకున్నాను.