సంతకం పెట్టని ఇన్‌స్పెక్టర్

అక్రా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టర్, తన పేరు కోబినా అని చెప్పి, బూట్లు విప్పి, విమానంలోకి తలకిందులుగా దూరాడు. ఆ తరవాత గంటసేపు ఎసీనమ్‌కి ఆయన సాక్సులే కనిపించాయి. ఒకటి నీలం, ఒకటి నలుపు.

ఆమెకి కాలు నిలవడం లేదు. ఊడ్చిన షెడ్డే మళ్ళీ ఊడ్చింది. సర్దిన పానాలే మళ్ళీ సర్దింది. నాలుగేళ్ళుగా నాన్నతో కలిసి, రేకు రేకూ చేర్చి కట్టుకున్న రెండు సీట్ల విమానం అది. ఇన్‌స్పెక్టర్ సంతకం ఒక్కటి పడితే ఎగరొచ్చు. ఆరు వారాల్లో వానలు మొదలవుతాయి. అవి పట్టుకున్నాయంటే వోల్టా సరస్సు పక్కనున్న ఈ గడ్డి రన్‌వే ఆగస్టుదాకా బురదే.

కోబినా బయటికొచ్చి ఎడమ రెక్క దగ్గర ఆగాడు. రెక్క వెనక దూలం విమానం ఒంటికి కలిసేచోట, బోల్టు పక్కన కొలత పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. ఎసీనమ్ చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఈ రంధ్రం అంచుకి ఎంత దూరంలో ఉండాలో తెలుసా మేడమ్?"

"తెలుసు."

"ఎంత దూరంలో ఉందో?"

"అదీ తెలుసు."

ఆయన సంతకం పెట్టకుండానే పుస్తకం మూసేశాడు. అయితే తను కొత్తగా చెప్పేదేమీ లేదన్నాడు.

నిజమే. మొదటి ఏడాది, తొందరలో డ్రిల్లు జారి పడిన రంధ్రం అది. అంచుకి మరీ దగ్గర, గాల్లో బరువు పడితే అక్కడే చీలొచ్చు. అప్పుడే ఆ ముక్క పారేసి కొత్తది చేసుకోవాల్సింది. చేయకుండా రంగు వేసేసింది. నాన్నకి కూడా చెప్పలేదు. మూడేళ్ళుగా ఆ రెక్క పక్కనుంచి నడిచిన ప్రతిసారీ ఆమె కళ్ళు ఇంకెటో తిరిగేవి.

దొరికిపోయిన సిగ్గంతా కోపంగా బయటికొచ్చింది. "మీరు జన్మలో ఏదన్నా కట్టారా సార్? పోనీ, ఒక కోళ్ళగూడైనా?"

"లేదండీ. విప్పించడం వరకే నా ఉద్యోగం," అన్నాడు కోబినా, బూట్లు తొడుక్కుంటూ.

రెండు రోజులు ఆమె షెడ్డు తలుపు తీయలేదు. మూడో రోజు నాన్నకి నిజం చెప్పింది. అగ్బెకో ముప్పయ్యేళ్ళు లారీలు బాగుచేసిన మనిషి. కూతుర్ని ఒక్క మాట అనలేదు. విప్పుదాం పద అన్నాడంతే.

విప్పడం సులువే. కొత్త ముక్క చేసి, రేకుల్ని కలిపే రివెట్లు కొట్టడం దగ్గరే వచ్చింది చిక్కు. రివెట్‌కి ఇద్దరు మనుషులు కావాలి. ఇవతల రివెట్ కొట్టే గన్ పట్టుకుని ఒకరు, అవతల ఇనపదిమ్మ అదిమిపట్టి ఒకరు. అవతలి చెయ్యి కదిలిందా, రివెట్ వంకరపోతుంది. నిరుడు జబ్బు చేసినప్పటి నుంచి అగ్బెకో చేతులు వణుకుతున్నాయి. విడిరేకు మీద కొట్టి చూసిన మూడు రివెట్లూ వంకరపోయాయి. ఆయన దిమ్మ మెల్లగా కిందపెట్టి, సరస్సు వైపు వెళ్ళి కూర్చున్నాడు. ఎసీనమ్ ఆ విడిరేకు తీసి, ఆయనకి కనపడకుండా మూలకి నెట్టింది.

కోబినా మాత్రం శనివారం శనివారం వస్తూనే ఉన్నాడు. మరమ్మతు డ్రాయింగు చూడాలని ఒకసారి, కొత్త ముక్క కొలవాలని ఇంకోసారి. మూడోసారి సాకు కూడా లేదు. మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ఉండలు, వేయించిన చేపలు పొట్లం కట్టించుకుని వ్యాను దిగాడు. అగ్బెకో పక్కన కూర్చుని పాత లారీల కథలు విన్నాడు. పనిముట్టు మాత్రం ముట్టుకోలేదు.

"చేతులు జేబుల్లో పెట్టి కుట్టేశారా?" అని ఎసీనమ్ ఎగతాళి చేసింది.

తను చెయ్యి పెట్టిన పని మీద తనే సంతకం పెట్టకూడదని, అది రూలని చెప్పాడు. అలా చెబుతున్నప్పుడు ఆయన ఆమె వేళ్ళకంటిన మసివైపు చూస్తున్నాడు. ఆ చూపు తగిలి ఆమె పానా జారవిడిచింది.

తరవాతి శనివారం ఆయన రాలేదు. ఉత్తరం వచ్చింది. ఆమె ఫైలు మిసెస్ లాంప్టీ అనే పెద్ద ఇన్‌స్పెక్టర్ చేతికి మారిందట. ఆవిడకి వీలయ్యేసరికి ఇంకో రెండు వారాలు పడుతుందట.

అప్పటికే దక్షిణాన మబ్బులు కమ్ముతున్నాయి. ఎసీనమ్ ఆ వారమంతా ఫోను తీయడం, నంబరు నొక్కకుండానే పెట్టేయడం. ఆలస్యమైనందుకా కోపం, ఆయన రానందుకా? ఆమెకే తేలలేదు.

శనివారం పొద్దున్నే వ్యాను ఆగింది. కోబినా దిగాడు. చేతిలో పుస్తకం లేదు. మోకాళ్ళ దగ్గర చిరిగిన పాత ప్యాంటు వేసుకున్నాడు.

"ఎందుకొచ్చారు? ఫైలు వదిలించుకున్నారుగా," అంది, గుమ్మంలోనే నిలబడి.

"వదిలించుకున్నాను."

"వానల ముందు. నా విమానం రెండు ముక్కలుగా పడుంటే."

"ఫైలు నా దగ్గరుంటే నేను దిమ్మ పట్టుకోకూడదు ఎసీనమ్. లేకపోతే పట్టుకోవచ్చు." ఆయన చేతులు జేబుల్లోంచి తీశాడు. "సంతకం ఎవరైనా పెడతారు. మీకు అవతల మనిషి కావాలి. ఆ అవతల ఎప్పటికీ నేనే ఉండాలని... ఇది రూల్సులో ఎక్కడా లేదు, నేనే అడుగుతున్నాను."

ఆమె గుమ్మం వదిలింది. లోపలికెళ్ళి, ఇనపదిమ్మ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "వణికిందంటే ఊరుకోను," అంది.

పట్టుకోవడం అగ్బెకో నేర్పాడు. ముందు విడిరేకు మీద. మొదటి రెండూ వంకరే. మధ్యాహ్నానికి చెయ్యి కుదిరింది. అప్పుడు అసలు ముక్క దగ్గరికొచ్చారు. రేకుకి అటు కోబినా, ఇటు ఆమె. ఒకరికొకరు కనిపించరు. రేకు మీద ఆమె గోటితో తడితే, సిద్ధమేనని అతను అటునుంచి తట్టేవాడు. సాయంత్రానికి ఆఖరి రివెట్ పడింది. అప్పటికి 'మీరు' పోయి 'నువ్వు' వచ్చేసింది. ఎప్పుడొచ్చిందో ఇద్దరికీ తెలియదు.

మిసెస్ లాంప్టీ వచ్చి ప్రతి రివెట్‌నీ అద్దం పెట్టి చూసింది. దిమ్మ ఎవరు పట్టారని అడిగింది. కోబినా తలవంచుకున్నాడు. ఆవిడ కళ్ళద్దాల మీదుగా ఇద్దర్నీ చూసి, సంతకం పెట్టేసింది.

రెండు వానల మధ్య దొరికిన ఒక తెల్లని ఉదయం ఎసీనమ్ ఎగిరింది. మొదటిసారి ఒంటరిగానే ఎగరాలి. చక్రాలు గడ్డిని వదిలాయి. ఆమె ఎడమ రెక్క వైపు కావాలనే చూసింది. చూపు తిప్పుకోలేదు.

ఇరవై నిమిషాల తరవాత దిగితే, బురద చిమ్మిన విమానం దగ్గరికి ఇద్దరూ పరిగెత్తుకొచ్చారు. ఆమె తలుపు తెరిచి కాలు బయటపెట్టింది. కోబినా చెయ్యి అందించాడు. దిగాక కూడా ఆమె దాన్ని వదల్లేదు. అగ్బెకో అది చూసి గొంతు సవరించుకున్నాడు.

"పిల్లనడగడానికి మీ పెద్దవాళ్ళు మా తలుపు తట్టేదెప్పుడు బాబూ?"

కేప్ కోస్ట్‌లో మేనమామలకి చెప్పేశానన్నాడు కోబినా. వాళ్ళు అడిగింది ఒక్కటేనట, అమ్మాయి వంట బాగా చేస్తుందా అని.

"నువ్వేమన్నావు?" అంది ఎసీనమ్.

"రివెట్లు బాగా కొడుతుందన్నాను."

వానలు తగ్గాక, సెప్టెంబరులో నిదానంగా రమ్మనమని అగ్బెకో చెప్పబోయాడు. ఎసీనమ్ మాట పూర్తికానివ్వలేదు.

"ఈ ఆదివారమే రమ్మను," అంది.