కృపానందం ట్యూబు

అది తొంభై తొమ్మిది వేసవి. మాదాపూర్‌లో అద్దాల టవరు లేచి ఏడాది కూడా కాలేదు, చుట్టూ ఇంకా రాళ్ళ గుట్టలే. ఆ గుట్టలు పేల్చినప్పుడల్లా, వెనక సందులో కిరాయి బంగళాలో ఉన్న ల్యాబులో గాజు సామానంతా గలగలమనేది. మెర్సీ అక్కడే పనిచేసేది. హఫీజ్‌పేట్ పిల్ల. మనిషి సన్నం, నోరు పెద్దది. ఒక పట్టాన తగ్గే రకం కాదు.

ఆమె పనేమిటంటే నిద్ర లేపడం. మన ఒంట్లో ఒక ప్రోటీన్ ఉంటుంది. ఇన్సులిన్ వచ్చి తట్టి లేపితే, అది రక్తంలోని చక్కెరను కణాల్లోకి రానిస్తుంది. షుగరు ఉన్నవాళ్ళలో చాలామందికి అది మొద్దునిద్ర పోతుంది. సూది లేకుండా, ఒక్క మాత్రతో దాన్ని లేపే రసాయనం దొరుకుతుందేమోనని ఆ ల్యాబులో వెతుకుతున్నారు. మెర్సీ తల్లి సారమ్మ రోజూ రెండు పూటలా పొట్టలో సూది పొడుచుకునేది. అందుకే ఈ పని మెర్సీకి ఒట్టి జీతం పని కాదు.

పరీక్ష సులువే. ట్యూబులో ప్రోటీన్, దాంతో రసాయనం, కాస్త రేడియోధార్మిక భాస్వరం వేస్తారు. ప్రోటీన్ లేచిందా, ఎక్స్‌రే ఫిల్ము మీద నల్లగీత పడుతుంది. లేవకపోతే ఆ చోటు తెల్లగా ఉంటుంది. ప్రతిసారీ ఒక ట్యూబులో మాత్రం రసాయనం వెయ్యరు. అది లేవకూడదు. అదీ లేచిందంటే రసాయనం గొప్పేమీ లేనట్టే, పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఆ లేవని ట్యూబుకి ల్యాబువాళ్ళు కృపానందం అని పేరు పెట్టారు. కృపానందం అక్కడి కెమిస్టే. పరీక్షిస్తున్న రసాయనం తయారు చేసింది కూడా అతనే. కానీ మధ్యాహ్నం అన్నం తిన్నాడంటే బల్ల మీద తల పెట్టి గుర్రు కొట్టేవాడు, డప్పు కొట్టినా లేచేవాడు కాదు. సిగరెట్లు మానడానికి ఎప్పుడూ బుగ్గన లవంగం ఉండేది. ట్యూబు మూత మీద 'కృ' అని రాస్తే అందరికన్నా ముందు తనే నవ్వేవాడు. జనవరిలో రాళ్ళ లారీ అతని స్కూటర్‌ని గుద్దింది. దవాఖానకి చేరేలోపే ప్రాణం పోయింది. అందరూ ఏడ్చారు, సమాధి మీద మట్టి వేసి వచ్చారు, మర్నాడు చెయ్యి అలవాటు కొద్దీ మూత మీద మళ్ళీ 'కృ' అనే రాశారు. పోయినవాడి పేరు పెట్టి రోజూ లేస్తాడా లేవడా అని చూడటమేమిటని అంత చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

మార్చి నుంచి ఆ ట్యూబు లేవడం మొదలైంది.

మొదట్లో సన్నగా పడే గీత, రానురాను మిగతావాటికన్నా నల్లబడింది. డైరెక్టరు కామేశ్వరరావు నీ చేతి శుభ్రమే బాగోలేదమ్మా అన్నాడు. కొత్త ట్యూబులు, కొత్త నీళ్ళు, కొత్త చేతి తొడుగులు, అన్నీ అయ్యాయి. గీత పోలేదు. సోమవారం రసాయనం కొనడానికి పరదేశం కంపెనీవాళ్ళు వస్తున్నారు. కామేశ్వరరావు మెర్సీని గదిలోకి పిలిచి, టీ ఇప్పించి, ఆ గీత దగ్గర కత్తెర వేసి పాత ఫిల్ములోంచి తెల్లముక్క అతికించమన్నాడు. తడిగుడ్డతో గొంతు కోసే రకం మరి.

"ఆ మాత్ర మింగేది మా అమ్మ అసొంటోళ్ళు సార్. కత్తెర నేను పెట్ట," అంది మెర్సీ.

అని ఊరుకోలేదు, పందెం కట్టింది. ఈసారి ఆ ట్యూబులో ప్రోటీన్ వద్దు, భాస్వరం వద్దు, ఒట్టి నీళ్ళు, అవి కూడా మీ చేత్తోనే పొయ్యండి అంది. తెల్లగా వస్తే తప్పు నాదే, రాజీనామా ఇస్తా. నల్లగా వస్తే వచ్చినవాళ్ళకి నిజం చెప్పి పంపించాలి. నీళ్ళకి గీత పడటం ఎక్కడైనా ఉందా అని కామేశ్వరరావు నవ్వుకుంటూ ఒప్పుకున్నాడు. నీళ్ళు పోసి మూత పెట్టాడు. మూత మీద 'కృ' అని మెర్సీ కావాలనే పెద్దగా రాసింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఇద్దరూ ఫిల్ము కడిగే డార్క్‌రూమ్‌లోకి వెళ్ళారు. దెయ్యాలు రాత్రే వస్తాయనేవాళ్ళు ఆ గది చూసి ఉండరు. కిటికీ లేదు. గోడలకి నల్ల రంగు. ఒక్క ఎర్ర బల్బు. తలుపు గడియ పడిందంటే ఫిల్ము పని పూర్తయ్యేదాకా తియ్యకూడదు, కాస్త వెలుగు సోకినా ఫిల్మంతా నల్లబడి దేనికీ పనికిరాదు. లోపల పుల్లటి మందు వాసన, ఉక్కపోత.

మెర్సీ ఫిల్ముని ట్రేలో ముంచింది. మొదటి గీత లేచింది, తర్వాత రెండోది...

అప్పుడే కరెంటు పోయింది.

ఎర్ర బల్బు ఆరింది. ఫ్యాను ఆగింది. కళ్ళు తెరిచినా ఒకటే, మూసినా ఒకటే. మెర్సీ తడుముకుంటూ ఫిల్ముని, గీతలు చెరగకుండా నిలిపే మందున్న రెండో ట్రేలోకి మార్చి, రెండు చేతులతో అదిమి పట్టుకుంది. కామేశ్వరరావు ఊపిరి వినబడుతోంది. తన ఊపిరి వినబడుతోంది.

మధ్యలో ఇంకోటి... నెమ్మదిగా... బరువుగా...

గుర్రు.

దాంతోపాటే లవంగం వాసన. మెర్సీకి భయం వేసింది, వెయ్యకేం. కానీ భయం వెనకే ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళ తన పని, అమ్మ సూదులు, అన్నీ గుర్తొచ్చాయి. ఎవరొచ్చినా సరే, ఈ ఫిల్ము వదిలేది లేదనుకుంది.

"తలుపు తీస్తున్నానమ్మా," గుసగుసగా అన్నాడు కామేశ్వరరావు. "కరెంటు లేదు కదా..."

భయం సగం, ఫిల్ము పాడవుతుందన్న సంతోషం సగం, రెండూ తెలిసిపోతున్నాయి ఆ గొంతులో.

"ముట్టకుండ్రి సార్. ఇంకా పని గాలే."

అడుగులు తలుపు వైపు కదిలాయి. గడియ కిర్రుమంది. ఆగిపోయింది.

"చెయ్యి వదులు మెర్సీ."

మెర్సీ కదల్లేదు.

"వదలమంటున్నానా... నొప్పి... మెర్సీ!"

"నా రెండు చేతులు ట్రేలనే ఉన్నయి సార్."

ఆ తర్వాత కామేశ్వరరావు పళ్ళు టకటకా కొట్టుకోవడం మాత్రం వినిపించింది. మెర్సీ మనసులో లెక్కపెట్టుకుంటూ, ఎంతసేపు ఉంచాలో అంతసేపూ ఫిల్ముని మందులో ఉంచింది. ఒక్క క్షణం తగ్గించలేదు.

"ఇగ తియ్యుండ్రి," అంది చివరికి. ఎవరితో అందో ఆమెకే తెలీదు. గడియ జారింది. పగటి వెలుగు లోపల పడింది.

కామేశ్వరరావు తన మణికట్టు పట్టుకుని బయటకు పరుగెత్తాడు. మెర్సీ ఫిల్ముని వెలుగులో పెట్టి చూసింది. నీళ్ళ ట్యూబు చోట గీత బొగ్గులా నల్లగా ఉంది. దాన్ని తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టి, సోమవారం ఏం చెబుతారని అడిగింది. ఆయన తల ఎత్తలేదు. రసాయనం పనిచేస్తుందని రుజువు కాలేదనే చెబుతానన్నాడు. నెలల కష్టం పోయినందుకు మెర్సీకి ఏడుపొచ్చింది. అబద్ధం మాత్ర ఒకటి ఎవరి కడుపులోకీ పోదు కదా అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ల్యాబులో జనం పోగై, ఆ గదికి తాళం వెయ్యమన్నారు, పాస్టరుగారిని పిలుద్దామన్నారు. మెర్సీ వినలేదు. నల్ల డబ్బాలో మూసి ఉంచిన రెండో ఫిల్ము ఇంకా కడగాల్సి ఉంది. కరెంటు రాగానే ఒక్కతే లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. ఎర్ర వెలుగులో గది ఖాళీ.

"దొంగతనంగ ఎందుకు కృపానందమన్నా, అడుగుతున్న చెప్పు," అంది గట్టిగా. "నువ్వే లేస్తున్నవా... నిన్నెవరన్న లేపుతున్నరా?"

మెర్సీ మొండిగా చేతులు కట్టుకుని నిలబడింది. జవాబు వచ్చేదాకా కదిలేది లేదనుకుంది.

ఆమె వెనక, తాను ఇంకా వెయ్యని గడియ, లోపల్నుంచి మెల్లగా పడింది.