పదిహేడో నంబరు బిళ్ళ

ఆ పొద్దున దండాసి ఇంట్లో అంతా మామూలుగానే ఉంది. రంగూన్‌లోని మింగళ తౌంగ్‌న్యున్ పేటలో, రైలు స్టేషను వెనక సందులో కింది వాటా. తులసమ్మ టీ కాస్తోంది. కూతురు మల్లిక ఫోను పట్టుకుని తండ్రికి చదివి వినిపిస్తోంది. నది అవతల తన్లిన్ దగ్గర బురదలో తండ్రి మేస్త్రీగా ఉండి ఇనుము కోసం కోయిస్తున్న పాత ఓడ పుట్టుపూర్వోత్తరాలు దొరికాయట.

అది యుద్ధంలో విమానాలు మోసిన ఓడట. అమెరికాలో కట్టి ఇంగ్లీషువాళ్లకిచ్చారు. సరుకుల ఓడలకి కాపలాగా సముద్రాలన్నీ తిరిగింది. జపానువాళ్ల చేతుల్లోంచి రంగూన్‌ని లాక్కున్న ఏడాది నది బయట నిలబడి విమానాలు ఎగరేసింది. తర్వాత రేవులోకొచ్చి, మన తెలుగు కూలీల చేత సామాను ఎక్కించుకుని వెళ్లింది. యుద్ధమయ్యాక విమానాల డెక్కు కోసేసి సరుకుల ఓడని చేశారు. పేరు మార్చారు, మళ్లీ మార్చారు. ఆఖరికి ఎవరికీ అక్కర్లేక ఇక్కడ బురదలో కూరుకుంది.

ఆ రోజుల్లో రేవులో దేముడు మేస్త్రీ అంటే మా తాతే, అన్నాడు దండాసి. ఆ మాట అన్నప్పుడల్లా అతని ఛాతీ కాస్త పొంగుతుంది.

దేముడి కాలం నుంచి వాళ్లకో కట్టుబాటు ఉంది. ఓడ కడుపులోకి దిగేవాడు నంబరున్న తన ఇత్తడి బిళ్ళని తన చేత్తోనే పైనున్న బల్లకి తగిలించాలి. పైకొచ్చాక తనే తీసుకోవాలి. ఇంకొకరు ముట్టుకోకూడదు. బల్ల ఖాళీ అయితేనే మేస్త్రీ ట్యాంకు మూత వేస్తాడు. కాంట్రాక్టరు ఎంత నవ్వినా దండాసి మాత్రం అది వదల్లేదు.

తులసమ్మకి ఒక్కడే తమ్ముడు, సుభాష్. బట్టల ఫ్యాక్టరీ మూతపడి ఆర్నెల్లుగా ఖాళీగా ఉన్నవాణ్ణి దండాసే నచ్చజెప్పి పనిలో పెట్టుకున్నాడు. ఆ రోజే మొదలు. వాడికి బిళ్ళ లేదు. దేవుడి పటాల వెనక గుడ్డలో చుట్టి ఉన్న పాత బిళ్ళ గుర్తొచ్చి, దండాసి తీశాడు. దాని మీద పదిహేడు అని ఉంది.

"అది తియ్యొద్దు," అంది తులసమ్మ. "దానోడు మళ్లీ రానేదని మీ నాయనమ్మ సెప్పేది."

ఎక్కడికో పారిపోయుంటాడులే అన్నాడు దండాసి. ఈ ఇత్తడి ముక్క నన్ను కాపాడుతుందా బావా, అని సుభాష్ ఎగతాళి చేశాడు. దండాసికి ఒళ్లు మండింది. బస్సు వంతెన దాటి ఓడ దగ్గర ఆగేదాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

మధ్యాహ్నం మూడింటికే ఆకాశం నల్లగా దిగిపోయింది. బల్లకి బిళ్ళలు తగిలించి, సుభాష్‌తో కలిపి ఆరుగురు కింది ట్యాంకులో ఉన్నారు. పై నుంచి తొంగి చూస్తే ఇనుము కోసే గ్యాసు మంటల నీలి వెలుగు తప్ప ఏమీ కనిపించదు. తుప్పు వాసన, పాత నూనె వాసన. వాటి అడుగున ఇంకేదో... మూసిన గదిలో చాలాకాలం మనిషి ఊపిరి పీల్చిన వాసన. నదికి పోటు మొదలైంది. నీళ్లు అంచు దాకా వచ్చేలోగా అందరూ పైకి రావాలి, మూత బిగించాలి. మూత పడితే లోపలికి నీళ్లు పోవు. గాలీ పోదు.

దండాసి ఈల ఊదాడు. సరిగ్గా అప్పుడే వాన కుండపోతగా పట్టుకుంది. ఒక్కొక్కరే గోతాలు కప్పుకుని పైకొచ్చి, బిళ్ళ తీసుకుని పరుగెత్తారు. దండాసి చేతులే చూశాడు, మొహాలు చూడలేదు. చివరి చెయ్యి పదిహేడో బిళ్ళ తీసింది. చాలాసేపు నీళ్లలో నానినట్టు తెల్లగా, ముడతలు పడి ఉంది. వానకేలే అనుకున్నాడు.

బల్ల ఖాళీ. మూత వేసి ఎనిమిది బోల్టులూ బిగించాడు.

టార్పాలిన్ కింద లెక్కపెట్టాడు. ఆరుగురూ ఉన్నారు. ఆరోవాడు తల మీద గోతంతో దూరంగా కూర్చున్నాడు. టీ ఇస్తే తీసుకోలేదు. ఇంకా అలక తీరలేదు కాబోలనుకుని దండాసి మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు వినిపించింది.

టక్... టక్... టక్.

కింద నుంచి.

"మేస్త్రీ," అని గుసగుసగా అన్నాడు ముసలి కనకరాజు. "మూత తియ్యాలేటి?"

నీళ్లు అప్పటికే మూత మీద పారుతున్నాయి. దండాసి బల్ల వైపు చూశాడు. మనుషుల్ని మళ్లీ లెక్కపెట్టాడు. ఆరు.

"బల్ల ఖాళీగా ఉంది కదా," అన్నాడు.

ఏదో దుంగ కొట్టుకుంటోందన్నారు ఎవరో. అందరూ ఆ మాటే నమ్మారు. ఆ వానలో అది నమ్మడమే సుఖంగా ఉంది.

తిరుగు బస్సులో దండాసి, మల్లిక ఫోనుకి పంపిన మాట విన్నాడు.

"నాన్నా, ఇంకోటి ఉంది. రంగూన్‌లో బయల్దేరాక ఓడ కింది ట్యాంకులోంచి మూడు రోజులు చప్పుడు వచ్చిందంట. దుంగో ఏదో అనుకున్నారంట. నాలుగో రోజు ఆగిపోయింది. తర్వాత తెరిస్తే ఒక కూలీ శవం ఉందంట."

దండాసికి అర్థమైంది. బల్ల మీద పదిహేడో బిళ్ళ ఉండగానే తాత మూత వేశాడు. వేసి, ఆ బిళ్ళ ఇంటికి తెచ్చి దాచాడు. గబుక్కున వెనక్కి చూశాడు. వెనక తలుపు దగ్గర గోతం కప్పుకున్న మనిషి నిలబడే ఉన్నాడు. హమ్మయ్య, సుభాష్ ఉన్నాడు. ఇంటికెళ్లాక తప్పు నాదేనని ఒప్పుకుందాం అనుకున్నాడు.

దండాసి ఇంటి తలుపు తీసేసరికి తులసమ్మ రెండు కంచాలు పెట్టి ఉంచింది. నీ తమ్ముడు కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాడు, వస్తాడు అని చెప్పి దండాసి తల తుడుచుకుంటున్నాడు. ఆమె లోటా పట్టుకుని బయటికెళ్లింది. ఎంతకీ రాలేదు. వచ్చి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఆడెవుడు?" అంది ఆమె. "దేముడు మేస్త్రీ ఇల్లు ఇదేనా అని అడిగినాడు. అవునన్నాను. ఇది నా సేతిలో ఎట్టి ఎలిపోనాడు."

తడి అరచేతిలో పదిహేడో బిళ్ళ.

"నా తమ్ముడేడి?"

దండాసి ఓడ కాపలాదారుకి ఫోను చేశాడు. మూత మీద నిలువెత్తు నీళ్లున్నాయన్నాడు అతను. పోటు తీసేదాకా ఎవరూ దిగలేరన్నాడు. చప్పుడా? వస్తోందిగా, వినండి, అని ఫోను ఓడ ఇనుముకి ఆనించాడు.

టక్... టక్...

తులసమ్మ కూడా విన్నది.

అన్నట్టు మీవాళ్లెవరో బిళ్ళ మర్చిపోయారు, అన్నాడు కాపలాదారు. బల్ల మీద వేలాడుతోందట. కొత్తది, తళతళలాడుతోందట. నంబరు పద్దెనిమిది.

దండాసి దగ్గర పద్దెనిమిదో బిళ్ళ ఎప్పుడూ లేదు.