వెనక్కి తిరిగిన ఫ్యాన్

“ఇంజన్ దించాల్సిందే. హెడ్ గాస్కెట్ పోయింది,” అని తేల్చేశాడు షెడ్డు యజమాని.

“ఏం పోలేదు నాన్నా. రేడియేటర్లో బుడగల్లేవు, ఆయిల్ తెల్లబడలేదు. ఎలా పోతుంది?” బానెట్ కింద నుంచి తలెత్తకుండానే అంది కూతురు.

“ముప్పై ఏళ్ల చెయ్యి నాది!”

“చెయ్యి నీదే, ఎవరు కాదన్నారు? కళ్లు నావి.”

పక్కన నిలబడ్డ ఫిజిక్స్ మాస్టారు వచ్చిన నవ్వును మింగేశాడు. అతని పాత కారు ట్రాఫిక్‌లో ఆగితే చాలు, పొగలు కక్కుతోంది. ఇది మూడో షెడ్డు. సాయంత్రం ఐదింటికి తుక్కు వ్యాపారిని ఇంటికి పిలిచాడు అన్నయ్య. చదువు, ఉద్యోగం, చివరికి చొక్కా రంగు కూడా అన్నయ్య తేల్చినవే. తనంతట తాను కొనుక్కున్నది ఈ బండి ఒక్కటే. ఇదీ పోతే తన లోపలి మనిషి ఇక ఎప్పటికీ నోరెత్తడని అతనికి తెలుసు.

ఇంజన్ వేడెక్కింది, రేడియేటర్ వెనక ఫ్యాన్ తిరగడం మొదలెట్టింది. ఆమె ఒక క్యాలెండర్ కాగితం చించి రేడియేటర్ ముందు పట్టుకుంది.

“చూడండి మాస్టారూ. ఫ్యాన్ గాలిని లోపలికి లాగితే ఇది రేడియేటర్‌కి అతుక్కోవాలి.”

కాగితం ఎగిరొచ్చి అతని మొహానికి కొట్టుకుంది.

“వెనక్కి తిరుగుతోంది! కొత్త మోటారు వేసి, వైర్లు తారుమారుగా కలిపారు. ఎవరా మహానుభావుడు? ఆ టేపు చూడండి, విరిగిన కాలికి కట్టు కట్టినట్టు!”

“పాత మెకానిక్,” అన్నాడతను.

అని, తన మాటకి తానే ఆశ్చర్యపోయాడు. గంట కిందట చూసిన మనిషి ముందు చులకనవుతానని ఇంత భయమెందుకు?

“ఏ షెడ్డు బాబూ? ఇప్పుడే వెళ్లి వాడి దుమ్ము దులుపుతా,” అని తండ్రి చెప్పులేసుకున్నాడు.

“నేనే,” అన్నాడతను. “మోటారు నేనే మార్చాను.”

“ఫిజిక్స్ చెప్పేది మీరేనా?” ఆమె నవ్వుకి షెడ్డు రేకులు మోగాయి. చిత్రం, ఆ నవ్వు ముందు అతనికి చిన్నతనం అనిపించలేదు.

ఆమె వైర్లు మార్చి కలిపింది. ఇంజన్ అరగంట నడిచినా వేడి చూపే ముల్లు సగం దాటలేదు. తండ్రి ముల్లునీ కూతుర్నీ మార్చి మార్చి చూసి “ఊఁ” అన్నాడు. ఆయన ఓటమి ఒప్పుకోవడం అంతే.

ఫోన్ మోగింది. “తుక్కువాడొచ్చి కూర్చున్నాడు. ఎక్కడున్నావురా?”

“పంపించెయ్యి అన్నయ్యా. అమ్మను.”

“పిచ్చెక్కిందా నీకు?”

“అమ్మనంటే అమ్మను.”

ఫోన్ ఆపేసి జేబులో పడేశాడు. ఆమె చూసింది. చూడనట్టు తన చేతుల గ్రీజు తుడుచుకుంటూ, “ఇక మీకు మా షెడ్డుతో పనిలేదు,” అంది.

“రేపొస్తాను.”

“బండి బాగైందిగా?”

“బండి తీసుకురాను. నడిచొస్తాను.”

“నడిచొచ్చేవాళ్లకి ఇక్కడ రిపేర్లు చెయ్యం,” అన్నాడు తండ్రి గట్టిగా.

“నువ్వు చెయ్యకు నాన్నా,” అందామె, మాస్టారి కళ్లలోకే చూస్తూ. “పదింటికి రండి. నేనుంటాను.”